కన్ను కదపకుండా

ఆ వానాకాలం మా ఇంట్లో అందరికంటే ఎక్కువ కష్టపడింది ఒక సాలీడు. ఈ మాట మా అత్తయ్య చెవిన పడితే ఊరుకోదు. ఇంటెడు చాకిరీ నేను చేస్తే పేరు పురుగుకి కట్టబెడతావా అని దెబ్బలాటకి వస్తుంది. ఆవిడ చాకిరీ సంగతి కూడా చెబుతాను, ముందు నా సంగతి కానివ్వండి.

నాది రఫూ పని. గుడ్డ చిరిగినచోట, అదే గుడ్డ అంచులోంచి లాగిన పోగులతో, చిరుగు ఎక్కడుందో ఎవరూ పట్టుకోలేనట్టు నేత కలపడం. మా ఆయన దర్జీ. కింద గదిలో ఆయన మిషను, మేడ మీద కిటికీ పక్కన నా కుర్చీ. ఆయన కుట్టినవాటిని నలుగురూ చూసి మెచ్చుకుంటారు. నేను చేసింది ఒక్కరికి కనిపించినా నా పని చెడినట్టే లెక్క. గుడ్డ చేతిలోకి రాగానే నా కన్ను దానంతటదే తప్పు దగ్గరికి పోతుంది. పురుగు కొట్టిన కన్నం గానీ, తెగిన పోగు గానీ నన్ను తప్పించుకుని పోయింది లేదు. ఎవరింటికి వెళ్ళి కూర్చున్నా వాళ్ళ కర్టెన్లలో పోగు ఎక్కడ జారిందో చూస్తుంటానని మా ఆయన నవ్వుతాడు. "అప్పుడప్పుడు మనుషుల మొహాలు కూడా చూడు," అంటాడు.

కీళ్ళవాతం వచ్చి చాలా ఏళ్ళయింది. అది వచ్చి పోయే జబ్బు కాదు, వచ్చి ఉండిపోయే జబ్బు. మొండి చుట్టం ఇంట్లో తిష్ఠ వేసినట్టు, దానితో సర్దుకుని బతకడమే. పొద్దున్నే లేస్తే వేళ్ళు పిడికిలి పట్టవు. వేడినీళ్ళలో కాసేపు ఉంచితే ఒక్కొక్కటే మాట వింటాయి. ఎన్నో మందులు మార్చాక ఒక మాత్ర నాకు కుదిరింది. దాని పుణ్యమా అని సూది పట్టుకోగలిగాను. అయితే ఆ మాత్ర కొంతమందికి కళ్ళ మీద దెబ్బ కొడుతుందని, ఏటా ఒకసారి పరీక్ష చేయించుకోమన్నారు. ఏటా వెళ్ళేదాన్ని, కళ్ళు బాగున్నాయనేవారు, వచ్చేదాన్ని.

ఆ ఏడు కళ్ళాసుపత్రికి కొత్త మిషను వచ్చింది. చీకటి గదిలో పెద్ద తెల్లగిన్నెని పక్కకి వాల్చి పెట్టినట్టుంది. గడ్డం ఒక దిమ్మ మీద ఆనించి, ఒక కన్ను మూసుకుని, రెండో కంటితో గిన్నెలోకి చూడాలి.

"మధ్యలో దీపం కనిపిస్తోందా అమ్మా? కన్ను దాని మీదే ఉంచండి. చుట్టూ ఎక్కడ చిన్న చుక్క మెరిసినా ఈ మీట నొక్కండి. చుక్క వైపు మాత్రం చూడొద్దు," అంది పరీక్ష చేసే అమ్మాయి.

ఇంతేనా అనుకున్నాను. చుక్క మెరవడం, నేను నొక్కడం. ఒక్కటీ వదలకూడదని పంతం పట్టి, ఆ మూల ఒకటి ఈ మూల ఒకటి వెతికి వెతికి పట్టుకున్నాను. గదిలోంచి బయటికి వస్తున్నప్పుడు పరీక్షలో అన్నీ రాసేసిన పిల్లలా ఉన్నాను.

మిషనులోంచి వచ్చిన బొమ్మని డాక్టరుగారు చాలాసేపు చూశారు. "అక్కడక్కడా చూపు అందనట్టు వచ్చిందమ్మా. మాత్ర వల్ల కావచ్చు, పరీక్ష మీకు కొత్త కాబట్టి కావచ్చు. ఇప్పుడే తేల్చి చెప్పలేను. వానలు తగ్గాక మళ్ళీ చేద్దాం. అప్పటిదాకా మాత్ర ఆపండి, మీ కీళ్ళ డాక్టరుతో నేను మాట్లాడతాను," అన్నారు.

"మళ్ళీ ఇలాగే వస్తే?"

"అప్పుడిక ఆ మాత్ర మీకు పనికిరాదు. చూపు ఒకసారి పోతే తిరిగి రాదు కదమ్మా."

కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం అంటారే, నా బతుకు అలా అయింది. వేసుకుంటే కళ్ళు, మానేస్తే చేతులు. ఈ రెండిట్లో ఏది పోయినా రఫూ ఎక్కడిది? గుమ్మం దగ్గర ఆ అమ్మాయి నన్ను ఆపి, "మీ కన్ను ఒక్కచోట నిలవలేదమ్మా, చుక్క ఎక్కడుంటే అక్కడికి పరిగెత్తింది. మళ్ళీ వచ్చేటప్పటికి నిలపడం అలవాటు చేసుకోండి," అంది. ఆ మాట నా తలకెక్కలేదు. ఇన్నేళ్ళ నా కంటికి వంక పెడుతుందా ఈ పిల్ల అని ఒళ్ళు మండింది, అంతే.

ఇంటికొచ్చి చెప్పాను. మా ఆయన విని, చేతిలో ఉన్న కొలతల టేపుని వేలికి చుట్టుకుంటూ కింద గదిలోకి వెళ్ళిపోయాడు. చాలాసేపు మిషను చప్పుడు వినిపించలేదు. అత్తయ్య నా ఎదురుగా చతికిలబడింది.

"పోనీలే అమ్మాయ్. పూర్తిగా ముంచుకొచ్చాక తెలియడం కంటే ఇదే మేలు. గుడ్డికన్నా మెల్ల నయం," అంది. అన్నాక తనేమందో తనకే అర్థమై నాలిక కరుచుకుంది. ఏడుస్తున్నదాన్ని నవ్వేశాను.

అత్తయ్య గురించి ఒక మాట చెప్పాలి. ఆవిడ ఏడవగా నేను ఎప్పుడూ చూడలేదు. మామయ్య పోయిన రోజు కూడా వచ్చినవాళ్ళకి కుర్చీలు చాలుతాయో లేదో చూసుకుంది. మనసు బాగాలేనప్పుడు ఆవిడ ఏడవదు, ఇల్లు దులుపుతుంది. చీపురో బూజుకర్రో చేతిలో లేకుండా ఆవిడకి కష్టాలు గట్టెక్కవు. ఆ వారమంతా మా ఇల్లు అద్దంలా మెరిసింది.

వానలు పట్టాయి. మాత్ర బలం ఒంట్లోంచి మెల్లగా దిగిపోయింది. మొదట బొటనవేళ్ళు, తర్వాత మణికట్లు, ఆ తర్వాత మోకాళ్ళు. అప్పుడు నా ఒళ్ళో బ్యాండు మాస్టారి నల్లకోటు ఉంది. నలుగురి ముందు వాయించడానికి వెళ్ళేటప్పుడు ఆయన వేసుకునే కోటు అదొక్కటే. వీపు మీద పురుగు కొట్టేసింది. సగం నేత కలిపానో లేదో, ఒకరోజు సూది జారి కింద పడింది. వంగాను గానీ వేళ్ళు దాన్ని పట్టుకోలేకపోయాయి. నేల మీద మెరుస్తున్న సూదిని చూస్తూ అలాగే వంగి ఉండిపోయాను. అత్తయ్య వచ్చి సూది తీసి సూదుల దిండుకి గుచ్చి, కోటు మడిచి లోపల పెట్టింది. నోరున్న మనిషి ఏమీ అనకపోయేసరికి నాకు భయం ఇంకా ఎక్కువైంది.

ఆ రోజు నుంచి వంటా వార్పూ ఆవిడదే. నా జడ ఆవిడే వేసేది. మధ్యాహ్నాలు కిందకి వెళ్ళి కొడుకు కుట్టిన చొక్కాలకి బొత్తాలు కుట్టేది. మా అత్తయ్య కుట్టిన బొత్తాం చొక్కా చిరిగినా ఊడదు. నేను మాత్రం కిటికీ దగ్గర కుర్చీలో, చేతులు ఒళ్ళో పెట్టుకుని, అచ్చం బొమ్మలా.

ఇన్నేళ్ళూ ఆ కిటికీ నా గుడ్డ మీదకి వెలుతురు పంపే కన్నం, అంతకంటే ఏమీ కాదు. దాని అవతల ఏముందని అడిగితే గోడ అని చెప్పి ఊరుకునేదాన్ని. గోడే, నిజానికి. ఎవరిదో గోదాం వెనక గోడ, చెయ్యి చాపితే అందేంత దగ్గరలో, ఒక కిటికీ అయినా లేని ఇటుకల గోడ. పనిలేక దాన్నే చూశాను. చూడగా చూడగా అది గోడలా లేదు. ఇటుకల సందుల్లో పట్టిన నాచులోంచి వెంట్రుకల్లాంటి కాడలు లేచాయి. ఒక్కో కాడ చివర ఒక్కో టోపీ, ఒక్కో టోపీకి ఒక్కో నీటిబొట్టు. ఒక నత్త పొద్దున్న బయల్దేరితే మధ్యాహ్నానికి రెండు ఇటుకలు దాటేది. అది నడిచిన దారి ఎండ తగిలినప్పుడు జరీపోగులా మెరిసేది. ఒక పగులులోంచి పేరు తెలియని మొక్క వచ్చి ఆవగింజంత పువ్వు పూసింది. ఆ ఆవగింజలో ఐదు రేకులు, రేకు రేకు మీదా ఊదారంగు గీతలు. అంత సన్నటి పోగు నా చేతిలోకి ఎప్పుడూ రాలేదు.

ఇక కిటికీ ఊచలకి బయటివైపు, పైమూలలో, మన సాలీడు.

మొదట్లో దాని పనితనం మీద నాకు మంచి అభిప్రాయం లేదు. గూడు చిరిగితే బాగుచేసుకోదు. చినుకు తూట్లు పొడిచినా, ఈగ చించుకుని పోయినా అలాగే ఉంచి, పొద్దు వాలేసరికి పాతదంతా మింగేసి మళ్ళీ మొదటినుంచీ అల్లుతుంది. రఫూ రాని మనిషి వ్యవహారం అనుకున్నాను. కానీ అల్లుతున్నప్పుడు చూడాలి. మా ఆయన టేపు పట్టినట్టు వెనక్కాలితో ప్రతి సందునీ కొలుచుకుంటూ పోగు అంటించేది. వరస తప్పేది కాదు. చూస్తున్నంతసేపూ నొప్పి ఉన్నచోటే ఉండేది, నేను మాత్రం దాని దగ్గర ఉండేదాన్ని కాదు. నాకు అంతే చాలు.

ఒకరోజు అత్తయ్య బూజుకర్ర పట్టుకుని గదిలోకి వచ్చింది. కర్ర కిటికీ పైమూలకి లేచింది.

"అత్తయ్యా, దాన్ని వదిలెయ్యండి."

"బూజుని వదలమంటావా? నేనుండగా?"

"అది బయటుంది కదా. ఇంట్లో కాదు."

"కిటికీ మనదే కదా."

"నాకు తోచడం లేదు అత్తయ్యా. దాన్ని చూస్తుంటే పొద్దు పోతోంది."

ఆవిడ నా వైపు చూసింది, దాని వైపు చూసింది, కర్ర దించింది. "సరే. ఊచలు దాటి ఒక్క పోగు లోపలికి వచ్చిందా, అప్పుడు దాని పని చెబుతాను," అంది. ఆ తర్వాత కిటికీ తుడిచేటప్పుడు ఆ మూల దగ్గరికి రాగానే ఆవిడ చెయ్యి వంపు తిరిగేది. ఒకసారి నేను నిద్రపోతున్నాననుకుని, "కాస్త జరుగు," అని దానితో అనడం నా చెవులారా విన్నాను.

సన్నగా జల్లు పడుతున్న ఒక మధ్యాహ్నం. సాలీడు గూటి మధ్యలో కదలకుండా కూర్చుంది. అది ఎప్పుడు కదులుతుందో చూడాలని నేను కూడా కళ్ళు దాని మీదే పెట్టుకుని కూర్చున్నాను. అలా ఉండగా కుడిపక్క నత్త కొమ్ము బయటపెట్టింది. ఎడంపక్క ఊచ మీద ఒక బొట్టు జారింది. నేను అటూ చూడలేదు, ఇటూ చూడలేదు. అయినా రెండూ తెలిశాయి. ఆ క్షణం తెలిసినట్టు కూడా తెలియలేదు, తర్వాత తట్టింది. "చుక్క వైపు చూడొద్దు" అంది కదా ఆ అమ్మాయి. నేను ఏం చేశాను? రఫూదాన్ని, తప్పు ఎక్కడుంటే అక్కడికి పరిగెత్తాను. నేను ఒక చుక్క వెంట పోయినప్పుడు వెనకాల మెరిసినవన్నీ నాకు లేనట్టే కదా.

నిజమో, నా ఆశో తెలియదు. నిజంగానే చూపు పోతోందేమో. కానీ పట్టుకోవడానికి ఒక పోగు దొరికింది.

"అత్తయ్యా, బూజుకర్ర తీసుకురండి," అని కేకేశాను.

"ఇప్పుడు దులపమంటావా?" అంది ఆవిడ మెట్ల మీదనుంచే.

"దులపడానికి కాదు."

విషయం చెప్పాను. ఆవిడ వెంటనే కర్ర చివర ఒక తెల్ల బొత్తాం కట్టింది. నా ఒక కంటికి రుమాలు కట్టి, కుర్చీ వెనక నిలబడింది. నేను సాలీడుని చూస్తూ ఉండాలి. ఆవిడ ఏదో ఒక పక్కనుంచి బొత్తాన్ని నా ముందుకి తెస్తుంది. కనిపించగానే చెప్పాలి.

"కనిపించింది," అన్నాను.

"అబద్ధం. నేనింకా కర్ర ఎత్తలేదు."

"ఏదో కదిలినట్టుంటేనూ..."

"కదిలింది నీ కన్ను. తెరిచిన కిటికీ రెక్క అద్దంలో నాకు కనిపిస్తూనే ఉంది. బుద్ధిగా దాన్ని చూడు."

చిన్నప్పుడు నాకు చదువు చెప్పిన పంతులమ్మ కూడా అంత కఠినంగా లేదు. మొదట్లో బొత్తాం మెరవగానే నా కన్ను కుక్కపిల్లలా దాని వెంట పోయేది. "పోయింది," అనేది ఆవిడ. మళ్ళీ మొదటికి. ఒకరోజు మా ఆయన మేడెక్కి వచ్చేసరికి, ఆయన తల్లి ఆయన పెళ్ళాం నెత్తి మీద బూజుకర్ర ఆడిస్తోంది.

"అత్తాకోడళ్ళ వ్యవహారం కర్రలదాకా వచ్చిందా?" అన్నాడు గుమ్మంలోనే ఆగిపోయి.

సంగతి విన్నాక ఆయన కిందకి వెళ్ళి, చొక్కా మెడకి వేసే చిన్న బొత్తాం తెచ్చాడు. "పెద్దదయితే ఎవరికైనా కనిపిస్తుంది," అన్నాడు. ఆ చిన్న బొత్తాంతోనే వచ్చింది చిక్కు.

అప్పటికి నా కన్ను చాలావరకు నిలుస్తోంది. కుడికన్నుతో సాలీడుని చూస్తున్నాను. బొత్తాం కుడి అంచునుంచి మెల్లగా లోపలికి వస్తోంది. కనిపిస్తోంది, కనిపిస్తోంది, ఉన్నట్టుండి మాయమైంది.

"దించేశారా అత్తయ్యా?"

"లేదే. నీ ముందే ఉంది."

"లేదు."

"ఉందే అమ్మాయ్." ఆవిడ గొంతు తగ్గింది. కర్ర కాస్త జరిపితే బొత్తాం మళ్ళీ వచ్చింది. వెనక్కి తెస్తే మళ్ళీ పోయింది. ఎన్నిసార్లు చేసినా అక్కడే. నా చూపులో ఒక కన్నం. పురుగు కొట్టిన గుడ్డలో కన్నాలు పూడ్చి బతికినదాన్ని, ఈ కన్నానికి ఏ పోగు పెట్టను? ఇక అయిపోయింది అనుకున్నాను.

మా ఆయన నన్ను కుర్చీలోంచి లేపి, నా రుమాలు తన కంటికి కట్టుకుని తను కూర్చున్నాడు. "అమ్మా, నాకూ అలాగే తిప్పు," అన్నాడు. ఆవిడ తిప్పింది. ఆయన సాలీడుని చూస్తూ చూస్తూ, "దించేశావా?" అన్నాడు.

"దించలేదురా."

తర్వాత అత్తయ్య కూర్చుంది. ఈసారి కర్ర మా ఆయన పట్టుకున్నాడు. అదే కన్ను, అదే పక్క, అదే చోటు.

"పోయిందిరా," అంది ఆవిడ. కాసేపు ఆలోచించి, "అయితే ఇన్నాళ్ళూ నేను గుడ్డిదాన్నా?" అంది.

ముగ్గురం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం. ముందు ఎవరు నవ్వారో తెలియదు. కడుపు పట్టుకుని, కీళ్ళు కలుక్కుమంటున్నా ఆపుకోలేక నవ్వాను. మరునాడు మా ఆయన మందుల షాపులో అడిగి వచ్చాడు. ప్రతి మనిషికీ ప్రతి కంట్లోనూ అలాంటి చోటు ఒకటి పుట్టుకతోనే ఉంటుందట. కన్ను ఎప్పుడూ తిరుగుతూ ఉంటుంది కాబట్టి ఎవరికీ తెలియదట. "దేవుడు కూడా ఒక కన్నం రఫూ చెయ్యకుండా వదిలేశాడన్నమాట," అన్నాను. "అందరికీ ఉన్నప్పుడు అది చిరుగు కాదు, డిజైను," అన్నాడు దర్జీ.

వానలు వెలిశాయి. ఆసుపత్రికి మా ఆయన నన్ను పొద్దున్న కాకుండా, వేళ్ళు కాస్త సాగాక, మధ్యాహ్నం తీసుకెళ్ళాడు. అదే చీకటి గది, అదే తెల్లగిన్నె, అదే అమ్మాయి. గడ్డం ఆనించాను. మధ్యలో దీపం వెలిగింది. దాన్ని సాలీడు అనుకున్నాను. చుట్టూ చుక్కలు మెరిశాయి. ఒకటి నత్త కొమ్ములా, ఒకటి ఊచ మీద బొట్టులా. వాటి వెంట పోవాలని కన్ను పీకింది. పోనివ్వలేదు. కొన్ని తప్పిపోయి ఉంటాయి, పోతే పోనీ అనుకున్నాను. నా జన్మలో ఆ మాట అనుకోవడం అదే మొదటిసారి.

"ఈసారి కన్ను చెదరలేదమ్మా," అంది ఆ అమ్మాయి దీపం వేస్తూ.

డాక్టరుగారు కాగితం చూసి, పక్కన పెట్టి, "కళ్ళు బాగున్నాయి. మాత్ర మొదలుపెట్టండి, వచ్చే ఏడు మళ్ళీ రండి," అన్నారు. తర్వాతి మనిషిని పిలిచారు. అంతే. వానాకాలమంతా మేము ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఎదురుచూసింది ఆ రెండు మాటల కోసం.

మా ఆయన బయట బల్ల మీద కూర్చుని ఉన్నాడు. టేపు వేలికి చుట్టి చుట్టి వేలు ఎర్రబడింది. చెప్పాను. ఆయన టేపు విప్పి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. "పద. మిషను మీద గుడ్డ అలాగే వదిలేసి వచ్చాను," అన్నాడు. మిషను మీద ఏ గుడ్డా లేదని నాకు తెలుసు. దారిలో మాత్రం చెప్పాడు, మాత్ర మళ్ళీ పట్టడానికి వారాలు పడుతుంది కదా, బ్యాండు మాస్టారు ఎన్నాళ్ళైనా ఆగుతానన్నాడట.

ఇంటికి వచ్చేసరికి గుమ్మం కడిగి ఉంది. మెట్లు కడిగి ఉన్నాయి. ఫ్యాను రెక్కలు, తలుపు పైచెక్కలు, బీరువా వెనక సందు, ఇల్లంతా ఒక్క దుమ్ము రేణువు లేకుండా దులిపేసి ఉంది. ఇక సాలీడు మిగిలి ఉంటుందా అనుకున్నాను. ఒక్కో మెట్టు పట్టుకుని పైకెక్కి కిటికీ దగ్గరికి వెళ్ళాను. గది మిలమిల మెరిసిపోతోంది. ఊచల పైమూల మాత్రం ముట్టుకోలేదు. గూడు ఉన్నచోటే ఉంది, సాలీడు దాని మధ్యలో.

కుర్చీలో కూలబడ్డాను. అత్తయ్య మెట్లెక్కి వచ్చి, ఎప్పటిలాగే కుర్చీ వెనకాల నిలబడింది.

"ఏమన్నారు?"

"మాత్ర వేసుకోమన్నారు అత్తయ్యా. కళ్ళు బాగున్నాయట."

నేను సాలీడుని చూస్తూ కూర్చున్నాను. అది కదలడం లేదు. నేనూ కన్ను కదపలేదు. కుడి అంచున, చూపు అయిపోయే చోట, తెరిచిన కిటికీ రెక్క అద్దంలో, ఒక చెయ్యి పైకి లేచింది. మణికట్టుతో మొహం తుడుచుకుంది. దిగింది, మళ్ళీ లేచింది. నేను తల తిప్పలేదు.

"కనిపించింది అత్తయ్యా," అన్నాను.

వెనకాల ముక్కు ఎగబీల్చిన చప్పుడు.

"అబద్ధం," అంది. "నేనింకా కర్ర ఎత్తలేదు."